గోడనడక మీద ఇద్దరు వియ్యంకులు

నేను డాక్టరును కాను. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా వీధిలో సగంమంది నన్ను డాక్టరుగారనే పిలుస్తారు, నేనూ కాదనను. తప్పంతా నా తెల్ల కోటుది. కళ్లజోళ్ల కొట్టు పెట్టిన కొత్తలో, అద్దాలు అరగదీస్తుంటే పొడి చొక్కా మీద పడుతోందని ఒక తెల్ల కోటు కుట్టించుకున్నాను. అది తొడుక్కున్న మర్నాటినుంచి జనం నా ముందు కాస్త వంగి నిలబడడం, కళ్ల సంగతి అయ్యాక కడుపునొప్పి గురించి కూడా అడగడం మొదలుపెట్టారు. అరగదీసే మిషను ఎప్పుడో మూలపడింది. అద్దాలిప్పుడు బయటినుంచి తయారై వస్తాయి, నేను ఫ్రేములో బిగిస్తాను, అంతే. కోటు మాత్రం అలాగే ఉంది. "అది విప్పితే మీరెవరో మీకే తెలీదు," అంటుంది మా ఆవిడ.

కొట్టు పెద్దదేమీ కాదు. ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదుటి గోడకి కిందికొచ్చేకొద్దీ చిన్నవైపోయే అక్షరాల బోర్డు, మధ్యలో వెనక్కి వాలే కుర్చీ, పక్కన ఒక బల్ల. గుమ్మం దాటగానే రోడ్డులోకి నిటారుగా దిగే మెట్లు. ఆ మెట్లకీ నా వ్యాపారానికీ పాత వైరం. చత్వారం వచ్చి మొదటిసారి బైఫోకల్ పెట్టుకున్న మనిషి నా కొట్లోంచి బయటికి వెళ్లాలంటే ఆ మెట్లే దిగాలి. బైఫోకల్ అంటే ఒకే అద్దంలో రెండు చూపులు. పై భాగం దూరానికి, కింది భాగం చదువుకోవడానికి. కింది భాగంలోంచి పాదాల వైపు చూస్తే నేల ఉన్నచోట ఉండదు, పైకి లేచి వచ్చినట్టుంటుంది, అంచులు అలుక్కుపోతాయి. అందుకని కళ్లజోడు చేతికిచ్చేటప్పుడు ప్రతివాళ్లకీ అప్పజెప్పేవాణ్ని: "మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూడకండి. గడ్డం గుండెకి ఆనించి పై భాగంలోంచి చూడండి." వాళ్లు అద్దంలో తమ మొహం చూసుకుంటూ సరే సరే అనేవాళ్లు. మొదటి మెట్టు మీదే తూలేవాళ్లు. నేను లోపల్నుంచి "చెప్పానా!" అనేవాణ్ని. ఈ వృత్తిలో ఉన్న కొద్దిపాటి సంతోషాల్లో అదొకటి.

ఆ చత్వారం చివరికి నాకూ వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఊరందరికీ వస్తుందని చెప్పేవాణ్ని నాకెలా వస్తుందనే ధీమాతో కొన్నాళ్లు పేపరు దూరంగా పట్టుకున్నాను, తర్వాత ఇంకా దూరంగా పట్టుకున్నాను, ఆ తర్వాత నా చేతులే పొట్టివైపోయాయనుకున్నాను. కొట్లో ఎలాగో నెట్టుకొచ్చాను గాని, నది ఒడ్డున దొరికిపోయాను. గాలం ముల్లుకున్న చిన్న కన్నంలోకి నైలాను దారం ఎక్కించాలి కదా. దారం ఒక దారిన, కన్నం ఒక దారిన పోయేవి. నేను చేపలు పట్టడానికి వెళ్తాననే సంగతి ఇంకా చెప్పలేదు. ఆదివారాలు వెళ్తాను. పట్టడానికి వెళ్తాను అంటున్నానే గాని పడతాను అనడం లేదు, గమనించండి.

మా ఊరినుంచి కొండ రోడ్డెక్కి కొంత దూరం పోతే ఒకచోట నేల ఉన్నట్టుండి రెండుగా చీలిపోతుంది. ఆ లోయ అడుగున నది. రెండు పక్కలా నిలువెత్తు రాతి గోడలు. పైన గట్టు మీద నిలబడితే నీళ్ల చప్పుడు వినబడుతుంది, నీళ్లు మాత్రం అక్కడక్కడే కనబడతాయి. కిందికి ఒక కాలిదారి ఉంది. దిగగానే మొదటి మడుగు. దారి సులువు కాబట్టి అక్కడ చేపలకన్నా మనుషులెక్కువ. బండరాళ్ల మీద చేతులూ కాళ్లూ వాడుతూ ఇంకాస్త పోతే నడిమి మడుగు. అది దాటాక ఆఖరి మడుగు. దానికి పోవాలంటే గోడనడక దాటాలి. నడక అని పేరేగాని అది నడవడం కాదు. రాతి గోడకి పాదం అడ్డంగా పెడితే పట్టేంత అంచు ఒకటుంది. దాని మీద గోడని కౌగిలించుకుని పక్కపక్కకి జరగాలి. కింద చాలా లోతున రాళ్లు, వాటి మధ్య నీళ్లు.

ఈ లోయలో మాకు గురువు ఒక రిటైరైన బస్సు కండక్టరు. మేమంతా ఆయన్ని రైట్‌రైట్ అని పిలుస్తాం. ఆయన పై గట్టు మీద అందరినీ వరసగా నిలబెట్టి టిక్కెట్లు చూసినట్టు చూసేవాడు. బూటు అడుగు అరిగితే ఇంటికి పంపేసేవాడు. గాలపు కర్ర చేతిలో ఉంటే ఒప్పుకునేవాడు కాదు, సంచిలో పెట్టి వీపుకి కట్టుకోవాల్సిందే, రెండు చేతులూ రాతికే. రెండు చేతులూ, రెండు కాళ్లూ, ఈ నాలుగింటిలో మూడు గట్టిగా ఆనాకే నాలుగోది కదపాలి. ముందువాడి నెత్తిన రాయి దొర్లేంత దగ్గరగా వెనకవాడు ఉండకూడదు. రాతి మీది తెల్ల చారని నీళ్లు తాకితే ఆ రోజు గాలం తియ్యకూడదు. వీటన్నిటికీ పైన ఒకటుంది. ఎవరికి ఎక్కడ మనసు ఒప్పకపోయినా "వెనక్కి" అనాలి. ఆ మాట వినగానే అందరూ తిరగాలి. ఎందుకని అడగకూడదు.

"బస్సులో నేను విజిలేస్తే డ్రైవరు బ్రేకు వేసేవాడు," అనేవాడు రైట్‌రైట్. "ఎందుకేశావ్, ఏంటి కథ అని అడిగాక ఆపేవాడా? ముందు ఆపేవాడు. ఇంకోటి. కింద ఎవరైనా వెనక్కి అంటే ఒక్కడు కూడా నవ్వకూడదు. నవ్వుతారనే భయంతోనే మనిషి ఆ మాట మింగేస్తాడు. పై గట్టెక్కాక మీ ఇష్టం, ఎంతైనా ఏడిపించుకోండి."

గాలం ముల్లుతో నా కుస్తీ చూసి ఆయనే ఒకరోజు, "డాక్టరుగారూ, మంచి కళ్లజోళ్ల కొట్టు ఒకటి తెలుసు నాకు, చీటీ రాసివ్వనా?" అన్నాడు. రోషం వచ్చింది. ఆ వారమే బైఫోకల్ చేసుకున్నాను, అదీ మధ్యలో గీత కనబడని రకం. ఎవరికీ తెలియకూడదని. ఇంట్లో నా దూరపు కళ్లజోడుకి ఫ్రేము మార్చానని చెప్పాను.

"ఫ్రేము మారిస్తే పేపరు అంత దగ్గరికొచ్చిందేం?" అంది మా ఆవిడ. నేను వినబడనట్టు పేజీ తిప్పాను.

ఇక మా వియ్యంకుడు. మా అమ్మాయి మామగారు. ఆయనకి బేకరీ ఉంది. మనిషి భారీ, గొంతు మెత్తన. తెల్లవారకముందే లేచి పొయ్యి ముందు నిలబడే మనిషికి కోపం ఎలా రాదో నాకు అర్థం కాదు. ఆయన నోట "వద్దు" అనే మాట ఎవరూ వినలేదు. మా ఇంటికొస్తే మా ఆవిడ వడ్డించినంతా తింటాడు, ఆయాసపడుతూ కూడా తింటాడు. మేమిద్దరం ఒకళ్లనొకళ్లు బావగారూ అని పిలుచుకుంటాం. ఇద్దరం కలిసి ఏ గుమ్మం దగ్గరికొచ్చినా "మీరు పదండి బావగారూ", "అబ్బే, ముందు మీరు" అని అక్కడే ఆగిపోతాం. ఆడవాళ్లు పక్క వాకిట్లోంచి లోపలికెళ్లి కూర్చుని, చల్లారిపోతోంది రమ్మని కేకలేసేదాకా ఆ మర్యాద తెగదు.

ఒకసారి ఆయన పిండి బస్తా మీద రాసింది చదవడానికి బస్తాని గోడకి నిలబెట్టి తనే వెనక్కి నడవడం చూశాను. పట్టుకొచ్చి కొట్లో కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష చేశాను. చత్వారమే. ఉన్నవాటిలో ఖరీదైన అద్దం, గీత కనబడని బైఫోకల్, మంచి ఫ్రేములో బిగించి, రంగు కాగితం చుట్టి, మా ఆవిడతో సహా వెళ్లి చేతిలో పెట్టాను. జాగ్రత్తలేమీ చెప్పలేదు. బహుమతి ఇస్తూ జాగ్రత్తలు చెబితే ఏం బాగుంటుంది? మిఠాయి పెట్టి షుగరు చూసుకోండి అన్నట్టుంటుంది. కొట్టుకొచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ అప్పజెప్పే ఆ నాలుగు ముక్కలు సొంత వియ్యంకుడికి చెప్పలేదు.

చెప్పకపోగా, ఆ పూట భోజనాల దగ్గర కోతలు కోశాను. ఆఖరి మడుగులో చేపలు ఇంతుంటాయని చెయ్యి మోచేతిదాకా చూపించాను. మా అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. మా వియ్యంకుడు మాత్రం కొత్త కళ్లజోడులోంచి నన్నే భక్తిగా చూస్తూ, "ఆ గోడనడక కష్టమంటారు కదా బావగారూ?" అన్నాడు.

"కష్టమా? నాకది మా కొట్టు మెట్లు దిగినట్టే!" అన్నాను.

"ఒకసారి చూడాలి," అన్నాడాయన, మర్యాదకి.

"ఈ ఆదివారమే రండి," అన్నాను, మర్యాదకే.

అంతే. ఆయన వద్దనలేడు, నేను ఉత్తినే అన్నానని చెప్పలేను. ఇద్దరికీ ఇష్టం లేని ప్రయాణం అలా ఇద్దరి మర్యాదతో ఖాయమైపోయింది.

ఆదివారం బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఏ మడుగుదాకా వెళ్తామో చెప్పనిదే కదలనివ్వదు. అదీ రైట్‌రైట్ పెట్టిన నియమమే.

"ఆఖరి మడుగు," అన్నాను.

"అన్నయ్యగారిని తీసుకునా? ఆయనకి అలవాటు లేదు కదండీ."

"నేనున్నానుగా."

"అదే నా భయం. చూడండి, మీకేమన్నా అయితే నేను ఏడుస్తాను, అయిపోతుంది. ఆయనకేమన్నా అయితే రేపు అమ్మాయి ఆ ఇంట్లో ఏ మొహంతో తిరుగుతుంది? మనం ఏ మొహంతో ఆ గుమ్మం తొక్కుతాం?"

నేను నవ్వేసి సంచి భుజానికి తగిలించుకున్నాను. నవ్వానే గాని ఆ మాట సంచిలో బండరాయిలా నాతోనే వచ్చింది.

పై గట్టు మీద ఆ రోజు తనిఖీ లేదు. రైట్‌రైట్ కంట్లో శుక్లం తీయించుకుని ఇంట్లో పడుకున్నాడు, ఆపరేషనుకి పంపింది నేనే. మా వియ్యంకుడు బండి దిగి నా వైపు తిరిగాడు. మొహం మీద నేనిచ్చిన కళ్లజోడు తళతళలాడుతోంది. ఇంత కొండదారికి కూడా నా కానుకే పెట్టుకొచ్చాడే అని నా గుండె పొంగిపోయింది. ఆ పొంగులో బుర్ర మునిగిపోయింది. రోజూ కొట్లో అప్పజెప్పే పాఠం ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. రాతి మీది తెల్ల చార చూశాను, నీళ్లు దానికి బాగా కిందే ఉన్నాయి. బూట్లు చూశాను, సంచులు చూశాను, చేతులు ఖాళీగా ఉన్నాయా లేదా చూశాను. మేమిద్దరం దేన్లోంచి చూస్తున్నామో అది మాత్రం చూడలేదు.

కాలిదారి దిగుతుంటేనే తేడా తెలిసింది. ఉందనుకున్నచోట రాయి లేదు, లేదనుకున్నచోట మోకాలికి తగిలింది. రెండుసార్లు తూలాను.

"బూట్లు కొత్తవి, ఇంకా కాలికి కుదరలేదు," అన్నాను, ఆయన అడక్కుండానే.

"నావీ అంతే బావగారూ," అన్నాడాయన వెనకనుంచి, తనూ తూలుతూ.

ఆయన బూట్లు ఎంత పాతవో నేను చూశాను. అంచులు పాదానికి అచ్చు పోసినట్టున్నాయి. అయినా ఆ మాట ఎందుకన్నాడా అని ఆలోచించలేదు. ఎదుటివాడు నీ అబద్ధాన్నే తిరిగి చెబితే అది నిజంలా వినబడుతుంది కాబోలు.

నడిమి మడుగు దగ్గర కూర్చుని ఆయన తెచ్చిన బన్నులు తిన్నాం. నేను గాలం తీసి ముల్లులోకి దారం ఒక్కసారికే ఎక్కించాను. కింది అద్దం దాని పని అది చక్కగా చేసింది. ఆయన మెచ్చుకున్నాడు. అక్కడే బెండు నీళ్లలో వదిలి, ఆ చల్లటి రాతి మీద సాయంత్రందాకా కూర్చుంటే ఎంత హాయిగా ఉండేది! నాకు అదే కావాలి. ఆయన మొహం చూస్తే ఆయనకీ అదే కావాలి. కాని ఆఖరి మడుగని చెప్పి తీసుకొచ్చిన మనిషిని నడిమి మడుగులో ఎలా ఆపుతాను? మోచేతిదాకా చూపించిన చెయ్యి ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?

"పోదామా బావగారూ?" అన్నాను.

"మీ ఇష్టం బావగారూ," అన్నాడు.

గోడనడక మొదట్లో ఆగి, మూడు ఆనాకే నాలుగోది కదపాలనే సూత్రం ఆయనకి చెప్పాను. వెనక్కి అనే మాట సంగతి బండి మీద వస్తూనే చెప్పాను. అలవాటు కొద్దీ ఆయన "మీరు పదండి" అన్నాడు. ఈసారి "ముందు మీరు" అనే వీల్లేదు. నేనే ముందు అంచు ఎక్కాను, నా వెనక కొంత ఎడంగా ఆయన.

ఆ అంచు మీద నేను ఎన్నో ఏళ్లుగా తిరిగాను. కాని పాత కళ్లజోడుతో. సగం దూరం జరిగాక, కాలు ఎక్కడ పెట్టాలా అని కిందికి చూశాను. అంచు ఉబ్బెత్తుగా పైకి లేచి ఉంది, దాని చివర ఎక్కడో తెలియడం లేదు, రాయీ గాలీ కలిసిపోయి పల్చగా ఊగుతున్నాయి. మళ్లీ చూశాను. మళ్లీ అంతే. అప్పుడు చెవిలో ఒక గొంతు వినిపించింది, విసుగ్గా, పాఠంలా: "కింది భాగంలోంచి చూడకండి." నా గొంతే. చాలా ఆలస్యంగా వచ్చింది.

సరే, గడ్డం గుండెకి ఆనిద్దామని చూశాను. గోడని కౌగిలించుకున్నవాడికి తల వంచే చోటేదీ? నుదురు రాతికి తగిలింది. నా జీవితమంతా నేను పంచిపెట్టిన సలహా నాకే పనికిరాలేదు. కళ్లజోడు తీసేద్దామా అంటే అది లేకపోతే నాకు అసలు దూరమే ఆనదు.  ఆగిపోయాను.

"ఆగారేం బావగారూ?" అన్నాడాయన.

"ఏం లేదు. గాలి బాగుందని."

"అవునవును, చాలా బాగుంది," అన్నాడు, బుగ్గ రాతికి ఆనించుకుని.

ఇద్దరం గోడకి అంటుకున్న బల్లుల్లా అలా ఉండిపోయాం. వెనక్కి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రైట్‌రైట్ ముందైతే ఎన్నిసార్లో అన్నాను. వియ్యంకుడి ముందు రావడం లేదు. కొట్టు మెట్లు దిగినట్టే అన్న పెద్దమనిషి ఇప్పుడు భయమేస్తోంది అనాలా? రేపు ఆ ఇంట్లో భోజనాల దగ్గర అందరూ గుర్తు చేసుకుని నవ్వరూ? ఇంకో నాలుగు అడుగులేగా, ఎలాగో జరిగిపోదాం అనుకున్నాను. అంటే, మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటూ కూడా భోజనాల బల్ల గురించే ఆలోచిస్తాడన్నమాట. మనిషి సంగతి తెలియదు, నేను ఆలోచించాను.

సరిగ్గా అప్పుడే ఆయన కాలు తప్పింది.

అరవలేదు. "అబ్బా" అని కూడా అనలేదు. రాయి విరిగిన చప్పుడు, బూటు గీరుకున్న చప్పుడు, అంతే. ఆ తర్వాత ఏమీ వినబడని కొంతసేపు. ఆ తర్వాత, ఎక్కడో కింద, ఆ రాయి నీళ్లలో పడిన చప్పుడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తల తిప్పి చూశాను. ఆయన ఒక కాలు గాలిలో వేలాడుతోంది. రెండు చేతులూ, రెండో కాలూ రాతిని పట్టుకునే ఉన్నాయి. మూడు ఆనాయి. మెల్లగా ఆ కాలిని పైకి లాక్కుని అంచు మీద పెట్టుకున్నాడు. పిండిలా పాలిపోయిన మొహంతో నా వైపు చూసి, నన్ను కంగారు పెట్టకూడదని నవ్వబోయాడు.

అప్పుడు చూశాను ఆయన ముక్కు మీదున్నదాన్ని. నేను పరీక్ష చేసి, నేను బిగించి, రంగు కాగితం చుట్టి ఇచ్చిన కళ్లజోడుని. ఆయనకీ ఆ అంచు నాకు కనబడినట్టే కనబడుతోంది. చేసింది నేనే. ఆ క్షణంలో నాకు అమ్మాయి కనబడింది. ఈ కబురు ఆ పిల్లకి నా నోటితో ఎలా చెప్పాలా అని మాటలు కూడా వెతుక్కున్నాను.

"వెనక్కి," అన్నాను. ఆ మాట బయటికి రావడానికి ఆ రాయి పడాల్సి వచ్చింది.

"ఎందుకు?" అనలేదాయన. "అలాగే బావగారూ," అన్నాడు. కాని కదల్లేదు.

"బావగారూ, వినండి. ఆ కళ్లజోడు తీసెయ్యండి. దాంతో కిందికి చూస్తే కాలు పెట్టేచోటు కనబడదు. నేను మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. మీకు దండం పెడతాను, తీసెయ్యండి."

 ఆయన చాలా మొహమాటంగా, "మీరేమీ అనుకోనంటే ఒక మాట," అన్నాడు. "నా పాతది జేబులో ఉంది."

"పాతదా?"

"దూరానికి వాడేది. మెట్లూ అవీ దిగేటప్పుడు అదే పెట్టుకుంటానండి. మీరిచ్చింది ఎందుకో కాళ్లకి సరిపడలేదు. కాని మీతో వస్తూ మీరిచ్చింది పెట్టుకోకపోతే ఏం బాగుంటుందని..."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వకూడదు, కిందున్నాం. ఆయన ఒక చెయ్యి మాత్రం వదిలి కొత్త కళ్లజోడు తీశాడు.

"పారెయ్యండి దాన్ని!" అని అరిచాను.

"అయ్యో, మీరిచ్చింది," అని, ఆ అంచు మీద నిలబడే, దాన్ని ఓపిగ్గా మడిచి జేబులో పెట్టుకుని, పాతది తీసి మొహానికి తగిలించుకున్నాడు. కిందికి చూశాడు. పెద్ద ఊపిరి వదిలాడు. "ఆ, ఇప్పుడు కనబడుతోంది. మీకు కనబడుతోందా?"

అబద్ధం ఆడడానికి ఇంకేమీ మిగల్లేదు. "లేదు బావగారూ. నాదీ అదే అద్దం," అన్నాను.

"ఓహో," అన్నాడాయన. అంతే అన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది. పొయ్యిలోంచి కాలే పళ్లేలు తీసేటప్పుడు పనివాళ్లతో మాట్లాడే గొంతు కాబోలు. "కిందికి చూడకండి. నా మాట వినండి చాలు. ఎడం కాలు నా వైపు జరపండి. ఇంకొంచెం. ఇంకొంచెం. అక్కడే. దించండి. ఇప్పుడు చెయ్యి."

దారి చూపిస్తానని తీసుకెళ్లినవాణ్ని, కళ్లు మూసుకుని ఆయన చెప్పినచోటల్లా కాలు పెడుతూ వెనక్కి వచ్చాను. కళ్లు మూసుకున్నాక గోడనడక చాలా సులువుగా ఉంది. కళ్ల వ్యాపారంలో బతికినవాడు చెప్పాల్సిన మాట కాదిది.

బండల మీదికి చేరాను. కూలబడిపోయి ఏడ్చాను. చిన్నపిల్లాడిలా, చొక్కా తడిసేలా ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చుని, ఏమనాలో తోచక, మిగిలిన బన్ను చేతిలో పెట్టాడు. ఏడుస్తూనే తిన్నాను. నేను ఎగిరిపడి పిలవకపోతే ఆ మనిషి ఆ వేళ బేకరీ అరుగు మీద కాళ్లు చాపుకుని హాయిగా కూర్చుని ఉండేవాడు. అదే తలుచుకున్నకొద్దీ ఏడుపొచ్చింది.

కాలిదారి ఎక్కుతున్నంతసేపూ ఆయన ముందు నడిచాడు. ఎక్కడ రాయి కదులుతుందో అక్కడ ఆగి చెయ్యి అందించాడు.  పై గట్టెక్కాం. ఆయన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, చెమట తుడుచుకుని, పాత కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"బావగారూ, ఇది పై గట్టేనా?" అన్నాడు.

"అవును."

"ఇక నవ్వొచ్చా?"

"నవ్వొచ్చు," అన్నాను.

నవ్వాడు. ఆ భారీ శరీరమంతా కదిలేలా నవ్వాడు. "గాలి బాగుందా బావగారూ?" అని అడిగి మళ్లీ నవ్వాడు. ఊపిరందక మధ్యలో ఆపి, "నాకు మొదటి మడుగు దగ్గరే వెనక్కి అనాలనిపించింది," అన్నాడు.

"మరి అనలేదేం?"

"మీరు పిలిచారు, నేను వచ్చాను. వడ్డిస్తున్నవాళ్లని చాలు అనడమే చేతకాదు, మధ్యలో లేచిపోతాను అనగలనా?"

ఇంట్లో మా ఆవిడతో జరిగినదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా కళ్లజోడు తీసి తన చీర చెంగుతో చాలాసేపు తుడిచి ఇచ్చింది. అది తిట్టుకన్నా కష్టంగా ఉంది. మర్నాడే కొట్లో రెండు జతలు తయారు చేశాను. దూరానికి మాత్రమే, కిందా పైనా ఒకటే చూపు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఈసారి రంగు కాగితం చుట్టలేదు, జాగ్రత్తలన్నీ చెప్పాను. ఇప్పటికీ ఆదివారాలు ఇద్దరం లోయకి వెళ్తాం. మొదటి మడుగు దగ్గరే, మనుషుల మధ్య కూర్చుంటాం. వేలెడు చేపలు పడతాయి. కూర్చున్నాక బైఫోకల్ తీసి పెట్టుకుని, కొత్తగా గాలం పట్టినవాళ్ల ముల్లులకి నేనే దారాలు ఎక్కించి పెడతాను.

పై గట్టెక్కాక ఎంతైనా ఏడిపించుకోవచ్చన్నది నియమం కదా. ఆపాలన్నది మాత్రం నియమంలో లేదు. బేకరీ సెలవు రోజున మధ్యాహ్నం మా వియ్యంకుడు మా కొట్టుకొచ్చి బల్ల మీద కూర్చుంటాడు. ఎవరికైనా బైఫోకల్ ఇస్తుంటే చాలు, నా పాఠం నన్ను చెప్పనివ్వడు. "నేను చెబుతా ఉండండి బావగారూ," అని గోడనడక మొదలుపెడతాడు. ఆయన కథలో నేను అమ్మని పిలుస్తాను, రాతిని ముద్దు పెట్టుకుంటాను, ఆయన బన్ను చూపిస్తే గాని ఏడుపు మానను. జనం కడుపు పట్టుకుని నవ్వుతారు. తర్వాత ఆ మెట్ల దగ్గర ఆగి, గడ్డం గుండెకి ఆనించి, ఒక్కొక్క మెట్టే చూసుకుని దిగుతారు. ఇన్నేళ్లు నేను చెబితే ఎవరూ అలా దిగలేదు.

"ఇదంతా నిజమేనా డాక్టరుగారూ?" అని ఒకాయన అడిగాడు.

"ఆయన చాలా తగ్గించి చెబుతున్నారు," అన్నాను.

ఆయన అలా కథ చెబుతుండగా, ఒక్కోసారి ఫ్రేము బిగిస్తూ ఉంటే ఆ రాయి నీళ్లలో పడిన చప్పుడు చెవిలో వినబడుతుంది. చెయ్యి ఆగిపోతుంది. ఆ ఏమీ వినబడని కొంతసేపు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు తల ఎత్తి, అద్దం పై భాగంలోంచి బల్ల వైపు చూస్తాను. ఆయన తొడ చరుచుకుంటూ నా మీద నవ్వుతుంటాడు. ఆయన స్పష్టంగా కనబడుతున్నాడు కదా అని మళ్లీ తల వంచుకుని నా పని చేసుకుంటాను.